పసులపోలిగాడి ఈల

ఏరు గట్టు తెంచుకుని పార్కులోకి వచ్చి, చెరువులో ఉండాల్సిన తొక్కుడు పడవలు గేటు దాటి రోడ్డు మీద బస్సుల పక్కన తేలిన ఏడాది ఉంది చూడండి, దాని తర్వాత రెండో ఏడు జరిగింది ఇది.

ఆ పార్కు చాలా పెద్దది. ఈ గేటులో దిగిన మనిషి ఆ గేటు చేరేసరికి చెప్పులు అరుగుతాయనేవారు. నడుమ చెరువు. చెరువుకు ఇటు పచ్చిక మైదానం, అటు వెదురు పొదలు. నీళ్లలో బాతులు, నీటికోళ్లు, ఒంటికాలి మీద నిలబడే కొంగలు. పొదల్లో ఒక ముసలి ఉడుము ఉండేది. అది బండ మీద ఎండ కాచుకుంటుంటే జనం చుట్టూ మూగి ఫోటోలు తీసేవారు. అది ఒక కన్ను తెరిచి, వీళ్లతో నాకేం పని అన్నట్టు చూసి మళ్లీ మూసుకునేది. పట్నంలో ఇరుకు గదుల్లో ఉండేవాళ్లకు ఆ పార్కే లోకం. దుప్పటి పరిచేవాళ్లు, బంతి ఆడేవాళ్లు, పడవ తొక్కేవాళ్లు, ఊరికే వెల్లకిలా పడుకుని ఆకాశం చూసేవాళ్లు.

వీళ్లందర్నీ సాయంత్రం బయటికి పంపే పని బొంగరానిది.

బొంగరం అతని అసలు పేరు కాదు. ఒకచోట నిలవడు గనక పార్కులో అందరూ అలా పిలిచేవారు. పొద్దస్తమానం తిరగడమే. మాట మాత్రం తక్కువ. ‘ఊఁ’ అంటే సరే, ‘ఊహుఁ’ అంటే కాదు, అంతటితో సరి. మెడలో వేలాడే ఈలే అతని నోరు. పొద్దు వాలగానే మైదానం అంచున నిలబడి రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేసేవాడు. ఆ పొడుగు కూత చివరికొచ్చేసరికి ఎక్కిలి పడ్డట్టు తెగేది. పీ, పీ, పీ...క్!

ఆ ఎక్కిలి వరదప్పుడు వచ్చింది. చెరువు పక్కన నేల లోపలికి మోటారు గది ఉంది. వరద రోజున మోటారు ఆపుదామని బొంగరం అందులోకి దిగాడు. తలుపు బిగుసుకుపోయింది. చీకట్లో ఛాతీ దాకా నీళ్లు. అరవడానికి గొంతు రాలేదు. ఈల ఊదాడు, ఊదుతూనే ఉన్నాడు. పడవల షెడ్డు చూసుకునే బావ ఆ ఈల విని గొడ్డలితో తలుపు పగలగొట్టాడు. ఈల లోపలి గింజ నీళ్లకు ఉబ్బిపోయి అప్పట్నుంచీ చివర్లో ఎక్కిలి పెడుతుంది. కొత్తది ఇస్తామన్నారు. ఊహుఁ అన్నాడు. ఆనాటి నుంచే నాలుగు గోడల మధ్య కూర్చోలేడు. ఇంట్లో కూడా వరండాలోనే పడక.

అలా ఉండగా ఒకనాడు, ఇంకా ఎండ నడినెత్తి నుంచి దిగకుండానే, పార్కులో ఈల మోగింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. చివర ఎక్కిలి.

బొంగరం అప్పుడు వెదురు పొదల దగ్గర ఉడుమును కెలకబోతున్న కుర్రాళ్లను తోలుతున్నాడు. ఈల అతని మెడలోనే ఉండాలి. చెయ్యి పెట్టి తడుముకున్నాడు. ఉంది. పరుగున మైదానానికి వచ్చేసరికి జనం లేచిపోయి దుప్పట్లు దులుపుతున్నారు. చెరువులో పడవలన్నీ ఒడ్డుకు తిరిగాయి.

బావ షెడ్డులోంచి తెడ్డు పట్టుకుని వచ్చాడు. బొంగరం అక్క మొగుడు అతను. బొద్దుగా, గట్టిగా ఉంటాడు. గొంతు మనిషికంటే గట్టిది.

“ఏరా బామ్మర్దీ, ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టొచ్చావా? ఇంత ఎండలో ఊదావేంట్రా?”

“నేను కాదు.”

“నువ్వు కాకపోతే నీ ఈల దానంతటదే ఊదుకుందా?”

“ఊహుఁ.”

“ఊహుఁ అంటే ఊదుకోలేదనా, ఊదావనా? సరిగ్గా ఏడు!”

బొంగరం మైదానం చుట్టూ పరుగెత్తాడు. బుడగలమ్మేవాడి సంచి చూశాడు. బంతి ఆడే కాలేజీ పిల్లల మెడలు చూశాడు. ఈల ఎవరి దగ్గరా లేదు. మర్నాడు మళ్లీ మోగింది. ఆ మర్నాడు ఒకసారి కాదు, మధ్యాహ్నం ఒకసారి, ఎండ తగ్గాక ఇంకోసారి. జనం లేచి సగం దూరం పోయి, గేటు మూసే జాడ లేకపోవడం చూసి, తిట్టుకుంటూ వెనక్కి వచ్చేవారు. పార్కు ఆఫీసుకు ఫిర్యాదులు పోయాయి.

ఆఫీసులో పెద్దసారుది మంచి మనసే. ఏడాది పొడుగునా జలుబు. చేతిలో రుమాలు లేకుండా ఎవరూ చూడలేదు.

“కూర్చోవయ్యా” అన్నాడు.

బొంగరం నిలబడ్డాడు. కాలు మార్చి కాలు మీద.

“నీకు ఇంటికి తొందరగా పోవాలనుంటే నాతో చెప్పాలి గానీ, జనాన్ని తరిమేస్తావా?”

“నేను కాదు సార్.”

“చివర్లో ఎక్కిలి పెట్టే ఈల ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గరుందయ్యా? నా జలుబు ఎంత నాదో, ఆ ఎక్కిలి అంత నీది.” పెద్దసారు ముక్కు తుడుచుకున్నాడు. “ఆదివారం పడవల పందెం. పట్నమంతా వస్తుంది. ఆ రోజు పందెం మధ్యలో ఆ ఈల మోగిందంటే, సోమవారం నుంచి నీ పని మోటారు గదిలో. కుర్చీలో కూర్చుని మీట నొక్కడమే. నీ కాళ్లకూ విశ్రాంతి.”

ఆయన మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. బొంగరానికి మాత్రం ఆ మాటతో ఛాతీ దాకా చల్లబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే భార్య గడపలో నిలబడి చూసింది.

“ఏవయ్యా, చీపురు కూడా చేత్తో పట్టుకుంటే ఊడ్చినట్టుంటుంది కదా!”

అతను ఆగలేదు. ఆమె నవ్వు ఆపింది. “ఏమైంది?”

“మోటారు గది” అన్నాడు. ఆమెకు అంతే చాలు. పీట తెచ్చి వరండాలోనే కూర్చుంది, అతను తిరగడం మానేదాకా.

శనివారం పొద్దున బొంగరం ఈలను మెడలోంచి తీసి బావ మెడలో వేశాడు.

“నీ దగ్గరుంచు.”

“ఎందుకురా?”

“చూడు.”

బావకు అర్థమైంది. ఈలను చొక్కా లోపలికి వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. “ఇప్పుడు ఊదు చూద్దాం, ఎలా ఊదుతావో” అన్నాడు. ఇంకా నమ్మలేదన్నమాట.

మధ్యాహ్నం బావ మైదానం అంచున బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. బొంగరం అతని ఎదురుగా, ఎప్పటిలాగే నిలబడలేక అటూ ఇటూ అడుగులేస్తున్నాడు. అప్పుడు మోగింది. పీ, పీ, పీ...క్!

బావ నోట్లో నీళ్లు బావ చొక్కా మీదే పడ్డాయి. ఛాతీ పట్టుకున్నాడు. ఈల అక్కడే ఉంది. దుప్పటి మీంచి లేస్తున్న ఒక ముసలాయన బావ చొక్కాలోంచి జారిన తాడు చూశాడు.

“ఏంటయ్యా నీ దుంప తెగ, కాసేపు కూర్చోనివ్వవా?”

“నేను ఊదలా! ఒట్టు! నా నోట్లో నీళ్లున్నాయి!”

“నీళ్లతో కూడా ఊదుతావా? గట్టివాడివే.”

బొంగరం ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే తల తిప్పి వెతికాడు. శబ్దం పైనుంచి వచ్చింది. ఈసారి ఆ సంగతి తెలిసింది. మనుషుల మెడలు చూస్తూ ఇన్నాళ్లూ తల ఎత్తలేదు.

మైదానం నడుమ దీపస్తంభం మీద ఒక నల్లపిట్ట ఉంది. నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. తోక చివర రెండుగా చీలి ఉంది. అది మెడ సాచి, గొంతు ఉబ్బించి, రెండు పొట్టివి, ఒక పొడుగుది వేసింది. చివర్లో తోక ఎగరేసి మరీ ఎక్కిలి పెట్టింది.

“ఓరి నీ అమ్మ కడుపు కాలా” అన్నాడు బావ మెల్లగా. అతను మెల్లగా మాట్లాడటం అదే మొదలు.

రోజూ మెడలో దుర్భిణి వేసుకుని పిట్టల్ని చూడటానికి వచ్చే ఒకావిడ ఉండేది. దుర్భిణీ అమ్మ అనేవారు. ఆవిడ కూడా అప్పుడే సంచి సర్దుకుని లేస్తోంది. బావ పిలిచి చూపించాడు. ఆవిడ దుర్భిణి ఎత్తి, చూసి, దించి, మళ్లీ ఎత్తింది.

“నేనూ రోజూ మీరే ఊదారనుకుని ఇంటికి పోతున్నానండీ” అంది నవ్వుతూ. “ఈ జాతికి అలవాటే. ఏ గొంతైనా పట్టేస్తుంది. డేగలా అరుస్తుంది. డేగ వచ్చిందని గోరింకలు తిండి వదిలి పారిపోతాయి. అవి వదిలిన తిండి ఇది తింటుంది. కానీ మనుషుల్ని లేపి దీనికేం లాభమో నాకూ అర్థం కావట్లేదు. అదిగో, ఆ చెట్టు పంగలో గూడుంది. పిల్లలున్నాయి.”

జనం లేస్తున్నారు. దుప్పట్లు దులుపుతున్నారు. పిల్లలు పచ్చికలో పరుగెడుతున్నారు. అంత జనం ఒక్కసారి కాలు కదిపేసరికి గడ్డిలోంచి మిడతలు, చిన్న రెక్కల పురుగులు పొగలా పైకి లేచాయి. నల్లపిట్ట స్తంభం మీంచి జారినట్టు దిగి, గాల్లోనే ఒక మిడతను పట్టి, గూటి దాకా పోయి వచ్చి ఇంకొకటి పట్టింది.

బొంగరం చిన్నప్పుడు పసులు కాశాడు. గేదె వీపు మీద ఇలాంటి నల్లపిట్టే కూర్చునేది. గేదె అడుగు వేస్తే మిడత లేచేది, మిడత లేస్తే పిట్ట పట్టేది. పసుల వెంట తిరుగుతుందని దాన్ని పసులపోలిగాడు అనేవారు. ఆ పేరు నోటికి వచ్చి ఎన్నేళ్లయిందో.

“పసులపోలిగాడు” అన్నాడు.

“పోలిగాడా?” బావ చుట్టూ చూశాడు. “ఇక్కడ పసులేవిరా?”

బొంగరం గడ్డంతో మైదానం చూపించాడు. దుప్పట్లు మడతపెడుతున్న జనం, బుట్టలు మోస్తున్న ఆడవాళ్లు, బంతి చంకలో పెట్టుకున్న కుర్రాళ్లు, అందరూ గేటు వైపు మందలా కదులుతున్నారు.

బావ చూశాడు. అర్థమయ్యాక బెంచీ పట్టుకుని నవ్వాడు. కళ్ల నీళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. “అంటే ఇన్నాళ్లూ అది మనల్ని కాస్తోందిరా! నువ్వు పాలేరువి, అది కామందు!”

“పద, పెద్దసారుతో చెబుదాం” అన్నాడు నవ్వు అయ్యాక.

“ఊహుఁ.”

“ఏం, నోరు పడిపోయిందా?”

“వలవాళ్లు.”

అది బావకూ తెలుసు. పోయిన ఏడాది కోతులు ఎవరిదో టిఫిన్ డబ్బా లాక్కుపోయాయని పెద్దసారు వలవాళ్లను పిలిపించాడు. వాళ్లు కోతులతో పాటు అడ్డొచ్చిన ఉడతల్నీ మూటగట్టి పట్టుకుపోయారు. పిట్టంటే ఒక్క పూట పని వాళ్లకు. గూట్లో పిల్లల సంగతి అడిగేవాడెవడు?

“ఒరేయ్, నీకు పిట్ట ముఖ్యమా, నీ బతుకు ముఖ్యమా? మోటారు గదిలో కూర్చోగలవా నువ్వు?”

“ఊఁ.”

“ఊఁ అంటే దేనికిరా ఊఁ?”

బొంగరం అప్పటికే నడక మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం అతను ఈల ఊదలేదు. జనం దగ్గరికి పోయి చేతులు ఊపి పంపించాడు. ఇంటికి పోయాక వరండాలో తిరుగుతూ ఏదో గొణుగుతుంటే భార్య చెవి పెట్టి విన్నది.

“ఈల వినబడితే లేవకండి. అది పిట్ట. ఈల వినబడితే లేవకండి...”

“నేను లేవకపోతే నీకు అన్నం ఎవరు పెడతారయ్యా?” అంది.

“నీకు కాదు. రేపు జనానికి.”

“జనానికి నువ్వు చెప్తావా?” ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “పెళ్లిలో నా పేరు చెప్పమంటే పందిరి గుంజ వైపు చూసి చెప్పినవాడివి!”

ఆదివారం గేటు తియ్యగానే జనం విరగబడ్డారు. మైదానం దుప్పట్లతో నిండిపోయింది. చెరువు గట్టున పలకలతో వేదిక కట్టారు. పెద్దసారు ఒక చేత మైకు, ఒక చేత రుమాలు పట్టుకుని ఎక్కాడు. బావ చెరువు నడుమ పెద్ద పడవలో, పందెం హద్దు తాడు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మెడలో బొంగరం ఈల.

బొంగరం మొదటి దుప్పటి దగ్గర నిలబడ్డాడు. గొంతు రాలేదు. మళ్లీ నోరు తెరిచాడు.

“ఈల వినబడితే లేవకండి. అది పిట్ట.”

వాళ్లు అతని ముఖం చూశారు.

“పిట్ట ఈలేస్తుందా?”

“ఊఁ.”

“మరి నువ్వేం చేస్తావు?”

“...చెప్తున్నా.”

రెండో దుప్పటి. మూడోది. “అయితే నీ ఉద్యోగం పిట్టకే ఇచ్చెయ్యమను” అన్నాడు ఒక కుర్రాడు. ఒక ముసలమ్మ చెవి ఒగ్గి, “ఏంటి నాయనా, ఇల్లు తగలబడితే లేవద్దా?” అంది. “ఈల, అవ్వా, ఈల” అని గట్టిగా చెప్పాడు. అంత గట్టిగా వరద తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు. “ఓహో, ఈలా” అని ఆమె పక్కవాళ్లందరికీ తనే చెప్పింది. అతను నడిచాడు. ఒక వరస పూర్తయ్యేసరికి వెనక కొత్తవాళ్లు దుప్పటి పరిచేవారు. మళ్లీ వెనక్కి. గొంతు బొంగురుపోయింది. కాళ్లు పీక్కుపోతున్నాయి. ఒక్కసారి కూడా కూర్చోలేదు. కన్ను మాత్రం దీపస్తంభం మీద.

పిట్ట అక్కడే ఉంది. కూయలేదు. మధ్యాహ్నం దాటింది. కూయలేదు. ఇక కూయదేమో, ఇవాళ దాని మనసు బాగుందేమో అనుకున్నాడు. ఆ నమ్మకంతో ఇంకా కంగారు పుట్టింది. కూస్తే భయం, కూయకపోతే ఎప్పుడు కూస్తుందోనని భయం.

పందెం మొదలైంది. పడవలు ఆ గట్టు తాకి తిరిగాయి. జనం అరుస్తున్నారు. ముందు రెండు పడవలు మూతీమూతీ రాసుకుంటూ వస్తున్నాయి. తాడుకు ఇంకా రెండు పడవల దూరం ఉందనగా మోగింది.

పీ, పీ, పీ...క్!

మైదానంలో సగం మంది తల ఎత్తారు. వెనకగా వచ్చినవాళ్లు లేచి నిలబడ్డారు. ఒక పడవ ఒడ్డుకు తిరగబోయింది. బొంగరం చెయ్యెత్తి అరవబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏం రాలేదు.

“కూర్చోండర్రా! అది పిట్టంట!” అని ముసలమ్మ కేకేసింది. “కూర్చోండి, కూర్చోండి, పిట్ట!” అని ఈ దుప్పటి నుంచి ఆ దుప్పటికి మాట పాకింది. లేచినవాళ్లు కూర్చున్నారు. ఒక్క మిడత లేవలేదు. పిట్ట కింద చూసింది. మెడ తిప్పి మళ్లీ వేసింది. జనం నవ్వారు. మళ్లీ వేసింది. ఈసారి కాలేజీ కుర్రాళ్లు దానికి ఎదురు ఈల వేశారు. తిరగబోయిన పడవ సర్దుకుని వచ్చి తాడు తాకింది. మొదట రాలేదు గానీ, వచ్చింది.

పెద్దసారు మైకు దించి చూశాడు. బొంగరం వేదిక కింద నోరు మూసుకుని, ఖాళీ చేతులతో నిలబడ్డాడు. చెరువు మధ్యలో బావ రెండు చేతులా తాడు పట్టుకుని ఉన్నాడు. పైన పిట్ట నాలుగోసారి ఎక్కిలి పెట్టింది.

పెద్దసారు దిగి వచ్చాడు.

“నీకెప్పుడు తెలిసింది?”

“నిన్న.”

“నాతో చెప్పొచ్చుగా?”

“వలవాళ్లొస్తారని. గూట్లో పిల్లలున్నాయి సార్.”

పెద్దసారు చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. “అది ఇలాగే కూస్తుంటే పార్కు ఎలా నడపమంటావయ్యా? వలవాళ్లు వద్దంటే ఇంకేం చెయ్యను?”

“నేను ఈల మానేస్తాను. అప్పుడు అది కూసినా ఎవరూ లేవరు.”

“మరి సాయంత్రం జనాన్ని ఎలా పంపుతావు?”

“నోటితో చెప్తాను.”

“నువ్వా?”

“పొద్దున్నుంచీ చెప్తూనే ఉన్నాను సార్” అన్నాడు బొంగరం. ఆ గొంతు గరగరలాడింది. ఆ మాటకు రుజువు ఆ గరగరే.

పెద్దసారు మైదానం వంక చూశాడు. కూర్చున్న జనం ఇంకా నవ్వుతూ దీపస్తంభం చూపించుకుంటున్నారు. ఉడుము బండ దగ్గర కంటే ఎక్కువమంది అక్కడ ఫోటోలు తీస్తున్నారు.

“సరే. మోటారు గదికి ఇంకెవర్నన్నా చూస్తాలే. ఆ ఈల మాత్రం తెచ్చి నాకివ్వు. నీ దగ్గరుంటే అలవాటున ఊదేస్తావు.”

బావ ఒడ్డుకొచ్చి సంగతి విని మెడలో తాడును గుప్పిట్లో బిగించాడు.

“ఇవ్వనురా. ఈ ఈల లేకపోతే ఆ రోజు నువ్వు లేవు. మళ్లీ ఎక్కడన్నా ఇరుక్కుంటే నాకెలా తెలుస్తుంది?”

“పిట్ట ఊదుతుందిలే” అన్నాడు బొంగరం.

బావ నవ్వబోయి నవ్వలేకపోయాడు. తాడు తీసి ఇచ్చాడు. బొంగరం ఈలను ఒకసారి చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజ కదిలింది. తీసుకెళ్లి పెద్దసారు చేతిలో పెట్టాడు.

పొద్దు వాలింది. మైదానం అంచున నిలబడి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని, “పొద్దుపోయిందండీ, ఇళ్లకు పదండీ!” అని అరిచాడు. ‘పదండీ’ చివర గొంతు తెగింది.

“ఒరేయ్, నీకూ ఎక్కిలి వచ్చిందిరా” అన్నాడు బావ. “చూసుకో, ఇది కూడా నేర్చుకుంటుంది ఆ పోలిగాడు.”

జనం లేచి వెళ్లారు. పురుగులు లేచాయి గానీ అప్పటికి పిట్ట స్తంభం మీద లేదు. పందెం అప్పట్నుంచీ కూసి కూసి, ఎవరూ లేవక, గూటి అంచున కూర్చుంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గేటు వేసేటప్పుడు కూడా బొంగరానికి అవి కనిపిస్తూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున, గేటు ఇంకా తియ్యకముందే, అతను చెప్పులు విప్పి బెంచీ కింద పెట్టాడు. మంచుకు తడిసిన పచ్చికలో దిగి, కాళ్లు ఈడ్చుకుంటూ, గేదె నడిచినట్టు నెమ్మదిగా, మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. అడుగడుగుకీ మిడతలు లేచాయి. తిరిగి మళ్లీ నడిచాడు. పిట్ట దీపస్తంభం మీంచి దిగి అతని వెనకే వచ్చింది.